ముందు మీ సర్టిఫికెట్లను తేదీల వరుసలో పేర్చండి

(ఓపెన్ స్కూల్, దూరవిద్య, పాలిటెక్నిక్ దారుల్లో చదివి లా కోర్సులో చేరాలనుకునేవారి కోసం జరిగిన అవగాహన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

బడి అయ్యాక ఇంటరు, ఇంటరు అయ్యాక డిగ్రీ, మధ్యలో ఒక్క ఏడాది కూడా పోకుండా చదువుకుంటూ వచ్చినవాళ్లు ఈ హాల్లో తక్కువే ఉంటారు. పది తప్పి పనిలోకి వెళ్లి, ఎన్నో ఏళ్లకు ఓపెన్ స్కూల్లో పాసైనవాళ్లు ఉన్నారు. పిల్లలు బడికి వెళ్లడం మొదలుపెట్టాక అంబేడ్కర్ ఓపెన్ యూనివర్సిటీలో బీఏ కట్టినవాళ్లున్నారు. పాలిటెక్నిక్ చేసి ఫ్యాక్టరీలో చేరినవాళ్లు, నర్సింగ్ చేసినవాళ్లు, బీటెక్ అయ్యాక ఆ పని మనసుకు పట్టనివాళ్లు ఉన్నారు. అందరూ అడిగేది ఒకటే: 'మమ్మల్ని లా కాలేజీలో చేర్చుకుంటారా అండీ?'

మీలో చాలామందిని చేర్చుకుంటారు. అయితే సీటు వచ్చినంత మాత్రాన పని అయిపోయిందనుకోవద్దు. మీ కాగితాలను రెండుసార్లు చూస్తారు. మొదటిసారి, లా కోర్సుల ప్రవేశ పరీక్ష లాసెట్ రాశాక సీట్లిచ్చే కౌన్సెలింగ్‌లో. రెండోసారి మూడేళ్లకో అయిదేళ్లకో, ఎల్‌ఎల్‌బీ పట్టా చేత్తో పట్టుకుని ఎన్‌రోల్‌మెంట్‌కు, అంటే న్యాయవాదిగా పేరు నమోదు చేయించుకోవడానికి బార్ కౌన్సిల్‌కు వెళ్లినప్పుడు. అక్కడ ఎల్‌ఎల్‌బీ ఒక్కటే చూడరు. పదో తరగతి మెమో నుంచి మొదలుపెట్టి వరసగా అన్నీ అడుగుతారు. కౌన్సెలింగ్‌లో ఎవరి కంటా పడని లోపం అక్కడ బయటపడితే, చదివిన మూడేళ్లూ కట్టిన ఫీజూ గాల్లో కలుస్తాయి. అందుకే గైడు కొనకముందు, కోచింగ్‌లో చేరకముందు చేయాల్సిన పని ఒకటుంది.

ఇంట్లో సర్టిఫికెట్ల కవరు బయటికి తీయండి. ఒక తెల్ల కాగితం మీద నాలుగు గళ్లు గీయండి. మొదటి గడిలో పరీక్ష పేరు, రెండో దాంట్లో బోర్డు లేదా యూనివర్సిటీ, మూడో దాంట్లో ఆ కోర్సులో చేరిన నెల, ఏడాది, నాలుగో దాంట్లో పాసైన నెల, ఏడాది. పది, ఇంటరు, డిగ్రీ మూడూ రాయండి. ఇప్పుడు మూడో గడిని పై వరుసలోని నాలుగో గడితో పోల్చండి. డిగ్రీలో చేరిన తేదీ, ఇంటరు పాసైన తేదీకి తర్వాత ఉందా? ఇంటరులో చేరిన తేదీ, పది పాసైన తేదీకి తర్వాత ఉందా? మధ్యలో ఎన్నేళ్లు ఖాళీ ఉన్నా పరవాలేదు. వరుస మాత్రం తిరగబడకూడదు.

ఎందుకో చెబుతాను. దేశంలో లా కోర్సులు నడిచేది బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో తెచ్చిన న్యాయవిద్య నిబంధనల ప్రకారం. మన సంగతంతా అందులోని అయిదో నిబంధనలో ఉంది. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి డిగ్రీ కావాలి, అయిదేళ్ల కోర్సుకు పన్నెండో తరగతి లేదా ఇంటరు కావాలి. దూరవిద్యలోనో కరస్పాండెన్స్‌లోనో ఇంటరు గాని డిగ్రీ గాని పూర్తి చేసినవాళ్లు కూడా అర్హులేనని ఆ నిబంధన స్పష్టంగా చెబుతోంది. 'ఓపెన్ డిగ్రీతో లా రాదు' అని ఎవరైనా మీతో అంటే, ఆ మాట తప్పు.

కానీ ఆ వాక్యం కిందే ఒక వివరణ ఉంది. కింది చదువు లేకుండా ఓపెన్ యూనివర్సిటీ ద్వారా నేరుగా డిగ్రీ గాని పీజీ గాని పొందినవాళ్లు లా కోర్సుకు అర్హులు కారు. ఈ ఒక్క ముక్క మన రాష్ట్రాల్లో చాలామందికి తగులుతుంది. హైదరాబాద్‌లో 1982లో దేశంలోకెల్లా మొదటి ఓపెన్ యూనివర్సిటీ పెట్టారు. మొదట ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, తర్వాత డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ పేరు పెట్టారు. ఇంటరు లేనివాళ్లకు అర్హత పరీక్ష పెట్టి, అందులో పాసైతే నేరుగా డిగ్రీలో చేర్చుకోవడం ఆ యూనివర్సిటీ చేసిన గొప్ప పని. బడి మొహం చూడని కూలీలు, గృహిణులు ఆ తలుపులోంచి డిగ్రీలు అందుకున్నారు. ఇందిరాగాంధీ జాతీయ ఓపెన్ యూనివర్సిటీ ఇగ్నోలో కూడా బీపీపీ అనే ప్రిపరేటరీ కోర్సు ద్వారా ఇంటరు లేనివాళ్లు డిగ్రీలోకి వెళ్లారు. ఆ డిగ్రీ దొంగ డిగ్రీ కాదు. యూనివర్సిటీ ఇచ్చిన డిగ్రీయే. కానీ లా కోర్సు వరకు అది పనికిరాదు. 10+2+3 అన్న మెట్లలో మధ్య మెట్టు లేదు గనక.

ఇక్కడే ఎక్కువమంది తప్పటడుగు వేస్తారు. డిగ్రీ అయ్యాక ఈ సంగతి తెలిసి, హడావుడిగా ఓపెన్ స్కూల్లో ఇంటరు రాసి, 'ఇప్పుడు నా దగ్గర పది, ఇంటరు, డిగ్రీ మూడూ ఉన్నాయి' అని మూడేళ్ల కోర్సుకు దరఖాస్తు పెడతారు. మూడూ ఉన్నాయి నిజమే, వరుస తప్పింది. డిగ్రీ 2014లో, ఇంటరు 2021లో. డిగ్రీలో చేరిన రోజుకు మీ చేతిలో ఇంటరు లేదు. తర్వాత తెచ్చుకున్న ఇంటరు వెనక్కి వెళ్లి ఆ డిగ్రీ కింద పునాదిగా నిలబడదు. ఎవరో ఏజెంటు 'ఏం కాదు, సీటు ఇప్పిస్తా' అంటాడు. సీటు ఇప్పిస్తాడు కూడా. ఎన్‌రోల్‌మెంట్ రోజున అతను కనబడడు.

మరి వీళ్లకు దారి లేదా? ఉంది, మంచి దారే ఉంది. ఇంటరు పాసై, దానితో అయిదేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరండి. ఆ కోర్సుకు డిగ్రీతో పనే లేదు. పది ముందు, ఇంటరు తర్వాత ఉంటే చాలు. లెక్క వేసి చూడండి. ఇప్పటికీ ఇంటరు లేనివాళ్లకు ఇంటరుకు ఒక ఏడాది పట్టిందనుకుందాం. ఆ తర్వాత మళ్లీ డిగ్రీ మూడేళ్లు, ఎల్‌ఎల్‌బీ మూడేళ్లు అంటే మొత్తం ఏడేళ్లు. అదే ఇంటరు ఏడాది, అయిదేళ్ల కోర్సు కలిపితే ఆరేళ్లు. ఒక ఏడాది మిగులుతుంది, పైగా బీఏ ఎల్‌ఎల్‌బీ అని కొత్త డిగ్రీ కూడా వస్తుంది. డిగ్రీ తర్వాత ఇంటరు రాసినవాళ్లకైతే ఇంటరు చేతిలోనే ఉంది గనక అయిదేళ్లే. 'నా పాత డిగ్రీ చూపించి అయిదేళ్ల కోర్సులో మూడో ఏడాదిలో చేరతాను' అంటే మాత్రం కుదరదు. అలా మధ్యలో చేరడం, మధ్యలో డిగ్రీ పుచ్చుకుని బయటపడడం రెండూ పదమూడో నిబంధన కింద నిషేధం.

ఓపెన్ ఇంటరు ఎక్కడ చేయాలి? తెలంగాణలో టాస్ అనే తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ, ఆంధ్రప్రదేశ్‌లో ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీ, దేశం మొత్తానికి ఎన్‌ఐఓఎస్ అనే జాతీయ ఓపెన్ స్కూల్. ఎన్‌ఐఓఎస్‌లో అయిదు సబ్జెక్టులు పాసవ్వాలి, అందులో కనీసం ఒకటి భాష. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లో, అక్టోబరు-నవంబరు నెలల్లో. ఒకేసారి అన్నీ పాసవ్వాలని లేదు, రిజిస్ట్రేషన్ అయిదేళ్లు చెల్లుతుంది. అయితే ఒక మెలిక ఉంది. పదికీ పన్నెండుకీ మధ్య రెండేళ్ల తేడా ఉండాలి. పది పాసై చాలా ఏళ్లయినవాళ్లకు ఇది తగలదు. కానీ పది కూడా ఈమధ్యే ఓపెన్‌లో రాసినవాళ్లు, ఆ మరుసటి ఏడాదే ఇంటరు సర్టిఫికెట్ వస్తుందని లెక్క వేసుకుంటే దెబ్బతింటారు. పాసయ్యాక మెమోతో పాటు మైగ్రేషన్-కమ్-ట్రాన్స్‌ఫర్ సర్టిఫికెట్ వస్తుంది. దాన్ని భద్రంగా దాచండి. కాలేజీలో టీసీ అడిగితే ఇవ్వాల్సింది అదే.

'సింగిల్ సిట్టింగ్' డిగ్రీల గురించి రెండు మాటల్లో చెప్పి ముందుకు వెళతాను. మూడేళ్ల పేపర్లన్నీ ఒకేసారి రాయించి, నెలల్లో పట్టా చేతిలో పెట్టే బాపతు. ఆ పట్టాతో లా జోలికి రావద్దు. మీరు చేసింది దూరవిద్య అయినా, మీరు చేరిన ఏడాదిలో ఆ యూనివర్సిటీకి ఆ కోర్సును దూరవిద్యలో నడపడానికి యూజీసీ అనుమతి ఉందో లేదో చూసుకోండి. ఈ ఏడాది అనుమతి కాదు, మీరు చేరిన ఏడాదిది.

ఇక పాలిటెక్నిక్ వాళ్ల సంగతి. పది తర్వాత మూడేళ్ల డిప్లొమా చేసి, డిప్లొమా వాళ్ల ప్రవేశ పరీక్ష ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో చేరి పూర్తి చేసినవాళ్లకు డిగ్రీ ఉంది, ఆ డిగ్రీకి కింద డిప్లొమా ఉంది. వాళ్లు మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ వైపు చూడాలి. దరఖాస్తులో ఇంటరు అని ఉన్న చోట ఖాళీ వదలకుండా డిప్లొమా వివరాలు రాయాలి, కౌన్సెలింగ్‌కు డిప్లొమా మెమోలన్నీ తీసుకెళ్లాలి. డిప్లొమా దగ్గరే ఆగిపోయి, దానితో అయిదేళ్ల కోర్సుకు వెళదామనుకునేవాళ్లు మాత్రం 'డిప్లొమా అంటే ఇంటరే కదా' అని అనుకోవద్దు. ఇంటర్మీడియట్ బోర్డు నుంచి సమానత్వ పత్రం తెచ్చుకున్నాకే దరఖాస్తు చేయండి. విదేశాల్లో డిగ్రీ చేసి వచ్చినవాళ్లదీ ఇదే పద్ధతి, ముందు సమానత్వ పత్రం, తర్వాతే లాసెట్.

మార్కుల దగ్గరికి వద్దాం. లాసెట్‌కు డిగ్రీలో గాని ఇంటరులో గాని ఓసీలకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ ఎస్టీలకు 40 ఉండాలి. గ్రేడ్లలో చదివినవాళ్లు సీజీపీఏను పదితో హెచ్చవేసి శాతం అనుకుంటారు. అన్ని చోట్లా అలా కాదు. హైదరాబాద్ జేఎన్‌టీయూలో సీజీపీఏ నుంచి 0.5 తీసేసి, దాన్ని పదితో హెచ్చవేస్తారు. 5.3 వచ్చినవాళ్లకు శాతం 53 కాదు, 48. లాసెట్‌కు 48 సరిపోతుంది. అదే ఢిల్లీ యూనివర్సిటీలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి ఓసీలకు 50 శాతం కావాలి. అక్కడ 53 అని రాసి, పరీక్ష రాసి, ర్యాంకు తెచ్చుకుని, వెరిఫికేషన్‌లో 48 తేలితే ఏమవుతుందో మీకే తెలుసు. మీ యూనివర్సిటీ ఏ సూత్రం వాడుతుందో మెమో వెనకాల చూడండి. అక్కడ లేకపోతే పరీక్షల విభాగం నుంచి కన్వర్షన్ సర్టిఫికెట్ తీసుకోండి.

ఇప్పుడు చెప్పబోయేది కాస్త ఓపికగా వినండి, ఓపెన్‌లో చదివినవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. లోకల్, నాన్‌లోకల్ గొడవ. రాజ్యాంగంలోని 371డి అధికరణ కింద 1974లో వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులకు పోతాయి. రెగ్యులర్‌గా చదివినవాళ్లు స్టడీ సర్టిఫికెట్లతో స్థానికత చూపిస్తారు. ఓపెన్‌లో చదివితే బడి లేదు, కాలేజీ లేదు, స్టడీ సర్టిఫికెట్ ఎవరిస్తారు? అందుకని తహసీల్దార్ ఇచ్చే నివాస ధ్రువపత్రం పెట్టాలి. కౌన్సెలింగ్‌లో అడిగేది ఏడేళ్ల నివాసం. ఏ ఏడేళ్లు? ఇక్కడే పొరపాటు జరుగుతుంది. అర్హత పరీక్షకు ముందటి ఏడేళ్లు. మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి అర్హత పరీక్ష అంటే మీ డిగ్రీ. మీరు డిగ్రీ 2016లో పాసైతే పత్రంలో ఉండాల్సింది 2009 నుంచి 2016 దాకా ఎక్కడ ఉన్నారన్నది. మీసేవలో దరఖాస్తు పెట్టేటప్పుడు ఏమీ చెప్పకపోతే, ఇప్పుడు ఫలానా ఊళ్లో ఉంటున్నారని ఒక ముక్క రాసి ఇస్తారు. ఆ కాగితం పట్టుకుని కౌన్సెలింగ్‌కు వెళితే నాన్‌లోకల్ కింద వేస్తారు. పుట్టి పెరిగిన ఊళ్లోనే పరాయివాళ్లవుతారు. అందుకే దరఖాస్తులోనే 'ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు' అని తేదీలు రాయండి. ఆ కాలానికి చెందిన రేషన్ కార్డు, కరెంటు బిల్లు, ఓటరు జాబితా పేజీ జతచేయండి. పాత కాలానికి పత్రం కావాలంటే విచారణకు రోజులు పడతాయి. కౌన్సెలింగ్ తేదీ వచ్చాక పరుగెత్తితే అందదు. మీ రాష్ట్రం ఆ ఏడాది ఇచ్చే కౌన్సెలింగ్ సూచనల్లో స్థానికత పేజీని కూడా ఒకటికి రెండుసార్లు చదవండి. రాష్ట్ర విభజన తర్వాత ఆ నియమాల్లో సవరణలు వస్తున్నాయి.

పేర్ల సంగతి కూడా చెప్పాలి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పొడి అక్షరం, డిగ్రీ మెమోలో పూర్తి ఇంటిపేరు, ఆధార్‌లో పెళ్లి తర్వాతి ఇంటిపేరు. ముఖ్యంగా చదువు మధ్యలో ఆగి మళ్లీ మొదలుపెట్టిన ఆడవాళ్లకు ఈ చిక్కు తప్పదు. ప్రతి చోటా పదో తరగతి మెమోలో ఉన్నట్టే రాయండి. లాసెట్ దరఖాస్తులోనూ అంతే. ఇంటిపేరు మారినవాళ్లు నోటరీ అఫిడవిట్ ఒకటి, పెళ్లి సర్టిఫికెట్ నకలు ఒకటి సర్టిఫికెట్ల కవరులోనే పెట్టుకోండి. చదువు మధ్యలో ఖాళీ ఉన్నవాళ్లను కొన్ని కాలేజీలు గ్యాప్ అఫిడవిట్ అడుగుతాయి. ఆ ఏళ్లలో ఏ కోర్సులోనూ చేరలేదు, ఫలానా పని చేశాను అని నిజమే రాయండి. ఖాళీ ఉండడం తప్పు కాదు. ఖాళీ కప్పిపుచ్చడానికి పుట్టించిన కాగితం తప్పు.

పరీక్ష గురించి. లాసెట్‌లో 120 ప్రశ్నలు, 120 మార్కులు, 90 నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. జనరల్ నాలెడ్జి, మెంటల్ ఎబిలిటీ 30, కరెంట్ అఫైర్స్ 30, లా ఆప్టిట్యూడ్ 60. అర్హత మార్కు 35 శాతం, అంటే 42. ఎస్సీ ఎస్టీలకు ఆ కనీసం లేదు. ప్రశ్నకు సగటున 45 సెకన్లు వస్తాయి. మొదటి 60 ప్రశ్నలను అరగంటలో ముగించి, లా ఆప్టిట్యూడ్‌కు గంట మిగుల్చుకోండి. పేపరు తెలుగులో కూడా ఉంటుంది. కానీ రాజ్యాంగ పదాలను రెండు భాషల్లోనూ చదువుకోండి. తెలుగు అనువాదం అర్థం కాక, తెలిసిన జవాబు తప్పు పెట్టినవాళ్లున్నారు.

లా ఆప్టిట్యూడ్‌లో జీవితానుభవం ఉన్నవాళ్లు ఎలా తప్పు చేస్తారో ఒక నమూనా ప్రశ్నతో చూపిస్తాను. పదహారేళ్ల కుర్రాడు సెల్‌ఫోన్ షాపులో వయసు పందొమ్మిది అని రాసి, వాయిదాల మీద ఫోన్ తీసుకున్నాడు. రెండు వాయిదాలు కట్టి ఆపేశాడు. ఇచ్చిన సూత్రం: 18 ఏళ్లు నిండనివారితో చేసుకున్న ఒప్పందం చెల్లదు. ఒప్పందం ప్రకారం మిగతా వాయిదాలు కట్టమని షాపు యజమాని దావా వేస్తే నిలుస్తుందా? వ్యాపారం చేసినవాళ్లు, చిట్టీలు నడిపినవాళ్లు వెంటనే 'అబద్ధం చెప్పి తీసుకున్నాడు గనక కట్టాల్సిందే' అని టిక్కు పెడతారు. మనిషిగా ఆలోచిస్తే అది న్యాయంగానే అనిపిస్తుంది. కానీ సూత్రంలో అబద్ధం ప్రస్తావనే లేదు. వయసు ఒక్కటే ఉంది. ఒప్పందమే చెల్లనప్పుడు దాని ప్రకారం కట్టమనడం కుదరదు, దావా నిలవదు. ఇది పరీక్ష కోసం కల్పించిన సూత్రం కాదు. మోహరీ బీబీ, ధర్మదాస్ ఘోష్ కేసులో బ్రిటిష్ కాలపు అత్యున్నత న్యాయస్థానం ప్రివీ కౌన్సిల్ 1903లో తేల్చింది ఇదే. ఆ కేసులోనూ అప్పు ఇచ్చినవాళ్ల డబ్బు వెనక్కి రాలేదు. ప్రశ్నలో ఇచ్చిన సూత్రానికి మీ సొంత న్యాయం జోడించకండి. రోజుకు ఇలాంటివి పది చేస్తే నెల రోజుల్లో చెయ్యి తిరుగుతుంది.

పుస్తకాలు సెకండ్‌హ్యాండ్‌వి కొంటారు, కొనండి. కానీ 2024 జులై 1 కంటే ముందు అచ్చయిన గైడులో నేర చట్టాల సెక్షన్లు పాతవి. ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103, మోసానికి జనం నోట నానిన 420 ఇప్పుడు 318లో ఉంది. రాజ్యాంగం భాగానికి మాత్రం పాత పుస్తకం చాలావరకు పనికొస్తుంది.

నల్సార్, విశాఖ దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీ లాంటి జాతీయ సంస్థల్లో అయిదేళ్ల కోర్సుకు క్లాట్ అనే జాతీయ ప్రవేశ పరీక్ష రాయాలి. దానిక్కూడా గరిష్ఠ వయసు లేదు. ఓపెన్ ఇంటరు వాళ్లూ రాయొచ్చు. 120 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పుకు పావు మార్కు కోత. అంతా ఇంగ్లిష్ పేరాలే. ఇంగ్లిష్ పత్రిక సంపాదకీయం మూడు నిమిషాల్లో చదివి అర్థం చేసుకోగలిగితే దాని మీద సమయం పెట్టండి. లేకపోతే ముందు లాసెట్ చూసుకోండి.

చదివిన చదువు ఏదైనా లాలో వృథా పోదని ఊరికే అనడం లేదు. సైన్సు, ఇంజినీరింగ్ డిగ్రీ ఉన్నవాళ్లే పేటెంట్ ఏజెంట్ పరీక్ష రాయగలరు. 1970 పేటెంట్ల చట్టం అలా చెబుతోంది. బీఏ చేసి లాయరైనవాళ్లకు ఆ తలుపు మూసే ఉంటుంది. నర్సింగ్ చేసినవాళ్లు వైద్య నిర్లక్ష్యం కేసులో కేస్‌షీట్ చదివినంత వేగంగా మిగతా లాయర్లు చదవలేరు. పహాణీ, అడంగల్ చూస్తూ పెరిగినవాళ్లకు భూమి కేసుల్లో ఎవరూ నేర్పనక్కర్లేదు.

సమయం అవుతోంది. ప్రశ్నలు అడగండి.

*ప్రశ్న: నేను ప్రైవేటు కంపెనీలో ఉద్యోగం చేస్తున్నాను. ఉద్యోగం మానకుండా చదవొచ్చా సార్?*

సీటు వస్తుందండి. ఇబ్బంది హాజరు దగ్గర. ప్రతి సబ్జెక్టులో 70 శాతం హాజరు ఉండాలి, మూట్ కోర్టు అనే నమూనా వాదనలకూ ప్రాక్టికల్సుకూ కలిపి. 'కాలేజీకి రానక్కర్లేదు, హాజరు మేం చూసుకుంటాం' అనే చోట చేరకండి. 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా కాలేజీలకు రాస్తూ, విద్యార్థి ఉద్యోగ వివరాలు ప్రకటించాలనీ, ఉద్యోగం ఉంటే సంస్థ నుంచి నిరభ్యంతర పత్రం తేవాలనీ, బయోమెట్రిక్ హాజరు ఉండాలనీ చెప్పింది. రాత్రి షిఫ్టు వేయించుకుని పగలు కాలేజీకి వెళ్లగలిగితే నిజాయతీగా కుదురుతుంది. ఇంకో సంగతి, పూర్తికాలం జీతానికి పనిచేస్తూ న్యాయవాదిగా ప్రాక్టీసు చేయకూడదు. ఆ రోజుకు ఉద్యోగం వదలాల్సిందే.

*ప్రశ్న: దూరవిద్యలో ఎల్‌ఎల్‌బీ చేస్తే?*

ఎన్‌రోల్‌మెంట్ రాదమ్మా. డిగ్రీ దూరవిద్యలో ఉండొచ్చు, ఎల్‌ఎల్‌బీ ఉండకూడదు. ఎల్‌ఎల్‌బీ చదువుతూ పక్కన మరో రెగ్యులర్ డిగ్రీలో చేరడం కూడా కుదరదు. దూరవిద్యలో ఇంకో కోర్సు చేసుకోవచ్చు, దానికి ఆరో నిబంధనలో మినహాయింపు ఉంది.

*ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఈ వయసులో ఇస్తారా?*

ఇస్తారు. అయిదేళ్ల కోర్సుకు 20, మూడేళ్ల కోర్సుకు 30 అని బార్ కౌన్సిల్ ఒక వయో పరిమితి తెచ్చింది. 2017లో సుప్రీంకోర్టు దాని మీద స్టే ఇచ్చింది. లాసెట్‌కు గరిష్ఠ వయసు లేదు. జడ్జి కావాలన్న ఆలోచన ఉంటే మాత్రం సివిల్ జడ్జి నియామకాలకు వయో పరిమితి ఉంటుంది. పైగా మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలని సుప్రీంకోర్టు 2025 మేలో మళ్లీ చెప్పింది. మీరు ప్రాక్టీసు కోసం వస్తున్నారు గనక దిగులు వద్దు. ఎన్‌రోల్‌మెంట్ ఫీజు కూడా చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి వసూలు చేయకూడదని 2024 జులైలో తీర్పు వచ్చింది. ఎస్సీ ఎస్టీలకు 125. పాతవాళ్లు చెప్పే వేల రూపాయల లెక్క విని వెనక్కి తగ్గకండి.

*ప్రశ్న: పదో తరగతి మెమో పోయిందండీ. వరదలో పోయింది.*

ముందు పోలీస్ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చి, దొరకలేదన్న పత్రం తీసుకోండి. నోటరీ అఫిడవిట్ రాయించండి. మీరు చదివిన బడి హెడ్మాస్టర్ ద్వారా ఎస్సెస్సీ బోర్డుకు డూప్లికేట్ మెమోకు దరఖాస్తు పెట్టండి. హాల్ టికెట్ నంబరు గుర్తు లేకపోతే, బడి రికార్డుల్లో మీ బ్యాచ్ జాబితా ఉంటుంది, అందులోంచి తీయించండి. ఆ నంబరు దొరికితే సగం పని అయినట్టే. ఈలోగా లాసెట్ దరఖాస్తు ఆపకండి. పరీక్ష రాయడానికి ఒరిజినల్ అక్కర్లేదు, కౌన్సెలింగ్ నాటికి కావాలి.

కాగితాలు వెంట తెచ్చుకున్నవాళ్లు ఆ పక్క బల్ల దగ్గరికి రండి. ఒక్కొక్కరివి చూద్దాం. పదో తరగతి మెమో పైన పెట్టుకుని రండి.